ఉద్యోగుల పడక – ఉత్తర్వులు జారీ – గురించి

మనిషి ఎన్ని రకాలుగా పడుకోగలడో అన్ని రకాలుగానూ మజ్జి రత్నాలు పడుకుని చూసింది. వెల్లకిలా పడుకుంటే నడుం కింద ఎవరో పలుగు పెట్టి లేపుతున్నట్టు ఉండేది. ఎడమ పక్కకి తిరిగితే ఆ పోటు తుంటిలోంచి మోకాలి దాకా దిగేది. కుడి పక్కకి తిరిగితే భుజం పట్టేసి, పొద్దున్న జడ వేసుకుందామంటే చెయ్యి చెవి దాటి లేచేది కాదు. పరుపు తీసేసి చాప వేసింది. చాప తీసేసి బల్లెక్కింది. ఎదురింటివాళ్ళు చెప్పారని మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుంది. పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడని మోకాళ్ళ కింద పెట్టుకుంది. పుట్టింటివాళ్ళు చెప్పారని దిండే మానేసింది. ఇలా ఏడేళ్ళు గడిచాయి. ఆవిడ భర్త గవరయ్య బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. పక్కలో ఆవిడ అటూ ఇటూ దొర్లుతుంటే నిద్రలోనే "జరగండి, ముందుకి జరగండి" అని మళ్ళీ గురక పెట్టేవాడు.

రత్నాలు నాగావళి ఒడ్డున ఉన్న ఓ పట్టణంలో, రాష్ట్ర గోనెసంచుల నియంత్రణ శాఖ జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. రాష్ట్రంలో గోనెసంచులు నియంత్రణ తప్పకుండా చూడడం ఆ శాఖ పని. అవి తప్పినట్టు ఇంతవరకూ దాఖలా లేదు కాబట్టి శాఖ బాగా పనిచేస్తున్నట్టే లెక్క.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ గిడ్డంగిలో సంచుల కట్టలు తనిఖీ చేస్తూ, నడుం పట్టేసి, నిలబడలేక, ఎదురుగా ఉన్న కట్ట మీదికి అలాగే ముందుకి వాలిపోయింది. పొట్ట కింద ఓ సంచి ముడత పడింది. కుడి మోకాలు పైకి ముడుచుకుంది. ఎడమ చెయ్యి కిందికి వేలాడింది. లేచేసరికి ఇరవై నిమిషాలైంది. లేచి నాలుగడుగులు వేసి, ఏదో పోయినట్టనిపించి, ఏం పోయిందా అని చూసుకుంటే నొప్పి.

ఆ రాత్రే ఇంట్లో గోనెసంచి చుట్టగా చుట్టి పొట్ట కింద పెట్టుకుని, బోర్లా పడుకుంది.

"ఏటే ఆ పడక? గోడ మీద బల్లిలాగ" అన్నాడు గవరయ్య.

"బల్లికి నడుం నొప్పి ఉందని ఎప్పుడేనా విన్నారేటి?" అంది రత్నాలు. నిద్రపోయింది. ఆ తరవాత నాలుగేళ్ళు ఆవిడ నడుం ఊసే ఎత్తలేదు.

అలాంటి సమయంలో రాజధానిలో శాఖకి కొత్త సంచాలకులు వచ్చారు. వచ్చిన నెలలోనే ఆయన 'ఆరోగ్యవంతుడైన ఉద్యోగి – ఆనందమయ పరిపాలన' అనే మూడు రోజుల సదస్సుకి వెళ్ళి, అక్కడ ఒక విషయం విని నిర్ఘాంతపోయారు. మనిషి జీవితంలో మూడో వంతు నిద్రలో గడుస్తుందట. అంటే తన శాఖలో మూడువేల ఎనిమిదివందల మంది ఉద్యోగులు రోజుకి ఎనిమిది గంటలు ఎవరి పర్యవేక్షణా లేకుండా, ఎవరికి తోచినట్టు వాళ్ళు పడుకుంటున్నారన్నమాట! వెనక్కి రాగానే సెలవుల దస్త్రం తెప్పించుకున్నారు. నడుం నొప్పి కారణంగా సెలవు పెట్టినవాళ్ళు వందల్లో ఉన్నారు. ఆయనకి సంగతి బోధపడింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. జిల్లా అధికారి దివాకర పట్నాయక్ గారు సిబ్బందినందరినీ హాల్లో కూర్చోబెట్టి, లేచి నిలబడి చదివారు. ఆయన భారీ మనిషి. ఉత్తర్వు ఏదైనా నిలబడే చదువుతారు.

"విషయం: ఉద్యోగుల శయన భంగిమ – క్రమబద్ధీకరణ – ఉత్తర్వులు జారీ – గురించి. ఈ శాఖయందలి ఉద్యోగులు నిద్రించు విధానములో ఏకరూపత కొరవడినట్లు సంచాలకుల దృష్టికి వచ్చినది. ఇందుమూలముగా సమస్త సిబ్బందియు ఇకపై ఎడమ ప్రక్కకు తిరిగి, మోకాళ్ళను ముప్పది డిగ్రీల మేరకు వంచి, నాలుగు అంగుళముల దిండుపై శిరస్సునుంచి నిద్రించవలెను. ప్రతి ఉద్యోగి తాను నిద్రించిన భంగిమను నెలవారీగా నమూనా-1లో ధ్రువీకరించి, రాత్రికి రెండు మార్లు చూచిన కుటుంబ సభ్యుని సాక్షి సంతకముతో సమర్పించవలెను."

వెనక వరసలో అటెండరు పోలినాయుడు కుర్చీలో తల వెనక్కి వాల్చి నిద్రపోతున్నాడు. ఆయన ఇరవయ్యేళ్ళుగా సమావేశాల్లో నిద్రపోతున్నాడు, దానికి ఆయనకి మూడు మెమోలు కూడా ఉన్నాయి. పట్నాయక్ గారు చదవడం ఆపి అటు చూశారు.

"పోలినాయుడూ!"

"సార్!"

"ఆఫీసులో నిద్రపోయినందుకు నేనేమీ అనటం లేదు. తల వెనక్కి పడింది. ఇది ఆమోదిత భంగిమ కాదు. సంజాయిషీ ఇవ్వండి."

రత్నాలు మొదట్లో ఉత్తర్వుని పాటించాలనే అనుకుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆవిడ ఏ రిజిస్టర్లోనూ లేనిది ఉన్నట్టు రాయలేదు. పైగా రెండు నెలల్లో సూపరింటెండెంట్ల ప్రమోషను జాబితా రాబోతోంది, దాంట్లో ఆవిడ పేరు మొదట ఉంది. తక్కినవాళ్ళంతా 'ఎడమ ప్రక్క' అని రాసేసి, ఇంట్లోవాళ్ళ చేత సంతకం పెట్టించేసి, ఎప్పటిలాగే పడుకున్నారు. రత్నాలు మాత్రం నిజంగానే ఎడమ పక్కకి తిరిగింది.

గవరయ్యకి సాక్షి పని బాగా నచ్చింది. రిటైరయ్యాక ఆయన చేతికి తనిఖీ చెయ్యడానికి ఇన్నాళ్ళకి ఏదో దొరికింది. అలారం పెట్టుకుని లేచి, టార్చిలైటు వేసి చూసేవాడు.

"మోకాలు చాపేసావు. లోపలికి లాక్కో."

"నొప్పెడతంది."

"నొప్పి సంగతి ఫారంలో లేదు. మోకాలు సంగతే ఉంది."

మూడో రోజుకి పాత నొప్పి, నాలుగేళ్ళు ఎక్కడికో వెళ్ళి చుట్టం చూపుగా తిరిగొచ్చినట్టు, తుంటిలోంచి మోకాలి దాకా దిగింది. ఐదో రోజుకి వంగి చెప్పు తొడుక్కోలేకపోయింది. ఆరో రోజు నుంచి వారం రోజులు సెలవు పెట్టింది. సెలవు చీటీలో కారణం రాయాలి కదా, ఉన్నది ఉన్నట్టు 'నడుము నొప్పి' అని రాసింది.

ఉత్తర్వు వచ్చాక రాష్ట్రం మొత్తం మీద నడుం నొప్పికి సెలవు పెట్టిన ఉద్యోగి ఆవిడ ఒక్కతే. అందరికీ నొప్పులు ఉన్నాయి గానీ, కడుపు నొప్పి అనీ, బావమరిది పెళ్ళనీ రాసుకున్నారు. రాజధాని నుంచి నేరుగా మెమో వచ్చింది.

"మీరు ఆమోదిత భంగిమలో నిద్రించి ఉన్నచో మీకు నడుము నొప్పి వచ్చుటకు ఆస్కారము లేదు. నొప్పి వచ్చినది కనుక మీరు సదరు భంగిమలో నిద్రించలేదని భావించవలసి వచ్చుచున్నది. అట్లుగాక, నిద్రించినందుననే నొప్పి వచ్చినదని మీరు చెప్పదలచినచో, అది ఉత్తర్వులను ధిక్కరించుటగా పరిగణింపబడును. ఈ రెంటిలో మీరు చేసిన తప్పు ఏదియో మూడు దినములలోగా తెలియజేయవలెను."

పట్నాయక్ గారు ఆవిణ్ణి గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేయించారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఆడవాళ్ళని నిలబెట్టి మాట్లాడరు.

"కూర్చోండి రత్నాలు గారూ. కూర్చోగలరా?"

"నిలబడితేనే సుఖం సార్."

"సరే. మొదటి తప్పు ఒప్పుకోండి. నిద్రలో తెలీకుండా దొర్లిపోయానని రాయండి. నేను సిఫార్సు చేస్తాను. ప్రమోషన్ ముందు ఎందుకొచ్చిన గొడవ?"

"దొర్లలేదు సార్. దొర్లుంటే నొప్పొచ్చేది కాదు."

"అలా అనకండి. అది రెండో తప్పు."

"మా ఆయన రాత్రికి రెండుసార్లు లేచి చూసి సంతకం పెట్టారు సార్. ఇప్పుడు దొర్లానంటే ఆయన దొంగ సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. ముప్ఫయ్యేళ్ళు కండక్టరుగా చేసిన మనిషి, ఒక్కనాడు మాట పడలేదు."

ఆవిడ తన బల్ల దగ్గరికి వెళ్ళి, నిలబడే, ఒక్క వాక్యం జవాబు రాసింది: 'నేను రెండవ తప్పు చేశాను.'

కింద ఇంకో పేరా కూడా చేర్చింది. నాలుగేళ్ళుగా తను బోర్లా ఎలా పడుకుంటోందో, ఏం పెట్టుకుంటోందో, ఎలా నొప్పి పోయిందో వివరంగా రాసి, ఆ రకంగా పడుకోవడానికి అనుమతి ఇమ్మని వేడుకుంది.

ఇలాంటి జవాబు శాఖ ఎరగదు. తప్పు ఒప్పుకున్న ఉద్యోగిని ఏం చెయ్యాలో నిబంధనల్లో లేదు. దస్త్రం చాలా బల్లలు తిరిగి, చివరికి మినహాయింపుల సంఘానికి వెళ్ళింది. ఆ సంఘం అప్పటికి లేదు. దస్త్రం కోసం ఏర్పాటు చేశారు. శాఖకి శయన సలహాదారుగా కొత్తగా నియమితులైన డాక్టర్ ఇందుశేఖర్ గారు స్వయంగా వచ్చి, ఉద్యోగిని నిద్రింపజేసి, పరిశీలించి, నివేదిక ఇవ్వాలన్నారు.

పరీక్ష ఉదయం పదకొండు గంటలకి, గిడ్డంగిలో. నొప్పి పోయిన చోటు అదే కాబట్టి అక్కడే జరగాలని సలహాదారుగారు పట్టుబట్టారు. మూడు కుర్చీలు వేశారు. పట్నాయక్ గారు అధ్యక్షులు. కుటుంబ సాక్షిగా గవరయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఇందుశేఖర్ గారు సంచీలోంచి జానెడున్నర కోణమానిని తీశారు.

"పడుకోండమ్మా."

రత్నాలు సంచుల కట్ట వంక చూసింది, ముగ్గురు మగవాళ్ళ వంక చూసింది.

"దుప్పటి కావాలి సార్."

"దుప్పటి కప్పితే మోకాలి కోణం ఎలా తెలుస్తుంది? శాస్త్రీయత దెబ్బతింటుంది."

"దుప్పటి లేకపోతే పడుకోను. ఉద్యోగం తీసేసినా సరే."

ఆ గొంతు విని గవరయ్య వెళ్ళి ఇంటి నుంచి దుప్పటి తెచ్చాడు. దుప్పటి మీద నుంచే కొలవచ్చని సంఘం తీర్మానించి, తీర్మానాన్ని రాసుకుంది.

ఆవిడ పడుకుంది. దుప్పటి కింద అంతా సరిగ్గానే ఉంది, నిద్ర మాత్రం లేదు. ముప్పావుగంట గడిచింది.

"నిద్రించండి" అన్నారు ఇందుశేఖర్ గారు.

"రావట్లేదు సార్."

"మీరు సహకరించాలి."

"కళ్ళు మూసుకున్నాను కద సార్."

"కళ్ళు మూసుకోవడం అర్హత కిందికి రాదమ్మా. నిద్ర వేరు."

ఇలా లాభం లేదని పట్నాయక్ గారు, ఎలాగూ మినిట్స్‌లో చేర్చాలి కాబట్టి, ఈలోగా మూల ఉత్తర్వుని రికార్డు కోసం చదివేద్దామన్నారు. లేచి నిలబడ్డారు. 'పై సూచికలకు దృష్టి ఆకర్షించడమైనది' దగ్గర రత్నాలు ఊపిరి నెమ్మదించింది. 'సమస్త సిబ్బందియు' దగ్గర ఎడమ చెయ్యి కట్ట మీదినుంచి జారి వేలాడింది. మూడో పేరా పూర్తయ్యేసరికి సన్నగా గురక వినిపించింది.

"నిద్దరోయింది సార్" అని గుసగుసగా సాక్ష్యం చెప్పాడు గవరయ్య. "ఇది నిజం నిద్దరే. నాకు తెలుసు."

సలహాదారుగారు దుప్పటి మీద కోణమానిని ఆనించి అంకెలు వేసుకున్నారు. పన్నెండయింది. ఒంటిగంటయింది. పరిశీలన పత్రంలో 'సహజ మేల్కొలుపు' అనే గడి ఉంది కాబట్టి ఆవిణ్ణి లేపడానికి వీల్లేదు. పోలినాయుడు క్యారేజీలు తెచ్చాడు. మూత తీస్తే చేపల పులుసు వాసనకి మేల్కొలుపు అసహజమయ్యే ప్రమాదం ఉందని సలహాదారుగారు వాటిని గుమ్మం బయటే పెట్టించారు. అధికారులు చేతులు కట్టుకుని, ఒక స్త్రీ నిద్రపోతుంటే, శబ్దం కాకుండా ఆకలితో కూర్చున్నారు. అనుమతి వచ్చేదాకా ఎడమ పక్కకే తిరిగి పడుకున్న రత్నాలుకి ఎన్నో రోజుల నిద్ర బాకీ ఉంది. మూడున్నరకి లేచింది.

"అయ్యో, పొయ్యి మీద పాలు!" అంది. తరవాత ఎదుట ఉన్నవాళ్ళని గుర్తుపట్టి, పైట సర్దుకుని, లేచి నిలబడింది. నడిచింది. వంగి చెప్పులు తొడుక్కుంది.

"నొప్పి?" అన్నారు ఇందుశేఖర్ గారు, కలం ఎత్తి.

"లేదండి."

ఆయన కళ్ళలో వెలుగు చూసి రత్నాలు సంతోషపడింది. తన నడుం సంగతి ఒక పెద్దమనిషికి అర్థమైందనుకుంది. ఆవిడ అడిగింది ఒక్కటే, తన పడక తనకి వదిలెయ్యమని.

పదో రోజున కొత్త ఉత్తర్వు వచ్చింది. పట్నాయక్ గారు నిలబడి చదివారు గానీ, మధ్యలో రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. శాస్త్రీయ పరిశీలనలో, పరీక్షించిన ఉద్యోగులలో నూటికి నూరు శాతం మందికి బోర్లా పడక వలన నడుం నొప్పి పూర్తిగా నయమైనది. కావున మునుపటి ఉత్తర్వులు రద్దుపరచడమైనది. ఇకపై సమస్త సిబ్బందియు 'రత్నాలు భంగిమ'లోనే నిద్రించవలెను. పొట్ట కింద ఉంచుకొనుటకు ఒక్కొక్కరికి రెండు గోనెసంచులు శాఖాపరంగా సరఫరా చేయబడును. గర్భిణులకు మినహాయింపు కలదు, అయితే గర్భము భంగిమకు అడ్డువచ్చుచున్నట్లు కొలతలు జతపరచవలెను. సరైన భంగిమ కనుగొనబడినందున మినహాయింపుల సంఘం ఇందుమూలముగా రద్దు. ఆరవ పేరా: రత్నాలు భంగిమలో నిద్రించు ఉద్యోగికి నడుము నొప్పి వచ్చినట్లు ఎట్టి దరఖాస్తునూ స్వీకరించరాదు.

ఈసారి దొంగ సంతకాలు కుదరలేదు. ప్రతి వీధికీ ఒక శయన పరిశీలకుణ్ణి వేశారు. వాళ్ళ పని కూడా అంత సుఖంగా ఏమీ లేదు. తమ ఇంట్లో తాము బోర్లా పడుకోవాల్సిన వేళలో ఇతరుల కిటికీల్లోంచి చూడాలి.

నెల తిరిగేసరికి ఆఫీసులో మెడ నిటారుగా ఉన్నవాడు లేడు. టైపిస్టు మెడ కుడివైపు తిరిగి ఉండిపోవడంతో యంత్రాన్ని కూడా కుడివైపుకి జరిపారు. రత్నాలు కనబడితే మాటలు ఆగిపోయేవి. టీ తెచ్చే పోలినాయుడు ఆవిడ బల్ల దాటి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు ఆవిడే లేచి ఆపింది.

"నా మీద కోపమేటి పోలినాయుడూ?"

"కోపం ఏటుంటాదమ్మా" అన్నాడాయన, మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి. "మీ నొప్పి మీరు పోగొట్టుకున్నారు. బాగానే ఉంది. మాకెందుకమ్మా పంచిపెట్టినారు?"

ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సాయంత్రం పట్నాయక్ గారు కూడా గదిలోకి పిలిచారు. తలుపు వేసి, ఏ ఉత్తర్వూ చేతిలో లేకుండా, మామూలు మనిషిలా మాట్లాడారు.

"అమ్మా, నా పొట్ట చూశారు కదా. దాని కింద మళ్ళీ సంచి. తిరగేసిన మూకుడులాగ రాత్రంతా అటూ ఇటూ ఊగుతున్నాను. మా ఆవిడ నవ్వి నవ్వి పక్క గదిలోకి పోయింది. దీనికి విరుగుడేమైనా ఉందా?"

"నేను మళ్ళీ రాస్తాను సార్. అది నా ఒంటికే పడిందని, ఎవరి ఒళ్ళు వాళ్ళదని రాస్తాను."

"రాయకండి! ఈసారి మీరు ఇంకేదైనా రాస్తే మమ్మల్ని తలకిందులుగా పడుకోమంటారు."

రత్నాలుకి ప్రమోషను మాత్రం వచ్చింది. సూపరింటెండెంట్ (శయనం) అని కొత్త పదవి. అన్ని జిల్లాలకీ వెళ్ళి, సిబ్బందికి భంగిమ నేర్పాలి. గవరయ్య ఊరంతా మిఠాయి పంచాడు. సంచుల శాఖలో ఒక పడకకి పెళ్ళాం పేరు పెట్టారంటే మాటలా అన్నాడు.

మొదటి వారంలోనే రత్నాలుకి ఆ పదవి సంగతి అర్థమైంది. పగలు ఒక ఊళ్ళో శిక్షణ, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇంకో ఊళ్ళో శిక్షణ. బస్సులో బోర్లా పడుకోవడం కుదరదు. ఎముకలు గుచ్చుకునే సీట్లో, పక్కవాళ్ళ భుజం మీద తల ఆనకుండా జాగ్రత్తపడుతూ, కూర్చునే కునికేది. రాష్ట్రం మొత్తానికి నిద్ర నేర్పుతున్న మనిషికి నిద్ర లేదు. మూడో వారానికి నొప్పి తిరిగొచ్చింది. ఆరవ పేరా తనకీ వర్తిస్తుందని ఆవిడకి తెలుసు. వేదిక మీద పళ్ళు బిగించి, చిరునవ్వు పెట్టుకుని, "కుడి మోకాలు పైకి, ఎడమ చెయ్యి కిందికి" అని చెప్పేది. గవరయ్య ఫోను చేసి "ఎలాగుంది నడుం?" అంటే, "ఫోనులో ఏటి సెప్తాను" అనేది.

అలా ఊళ్ళు తిరుగుతూ సీమలో ఒక పట్టణానికి చేరింది. శిక్షణ సమన్వయకర్త జయభారతి అనే స్థానిక ఉద్యోగిని ఒక కల్యాణ మండపం మాట్లాడి ఉంచింది. అరవై మంది ఉద్యోగులు నేల మీద సంచుల మీద బోర్లా పడుకుని ఉన్నారు. పెళ్ళి భోజనాలు అయ్యాక విస్తళ్ళు ఎత్తనట్టుంది హాలు. అక్కడక్కడ మూలుగులు. మధ్యలో ఒక పెద్దాయన మాత్రం మోచేతుల మీద పైకి లేచాడు.

"మేడమ్మా, ఒక మాట."

ఆయన పేరు ఓబులేసు. ఆ జిల్లా గిడ్డంగికి రాత్రి కాపలాదారు. వచ్చే ఏడు రిటైరవుతాడు.

"చెప్పండి."

"నేను నైటు వాచ్‌మేన్‌ని. రాత్రిళ్ళు నిద్రపోతే సస్పెండ్ చేస్తారు. ఈ కాయితంలో రాత్రి ఎట్ల పండుకున్న్యావో రాయమంటాండారు. ఏం రాసేది?"

సిలబస్‌లో దీనికి జవాబు లేదు. రత్నాలు వేదిక దిగి ఆయన దగ్గరికి వచ్చింది. దిగే రెండు మెట్లకీ నడుంలో రెండు పోట్లు పొడిచాయి.

"మరి ఎప్పుడు పడుకుంటారు?"

"పగలు. ఎల్లికిలా. చేతులు రెండూ తల కింద పెట్టుకోని. ఇన్నేండ్లలో ఒక్క దినం కూడా యాడా నొయ్యలేదు."

"ఎక్కడా నొప్పి లేదా?" అంది రత్నాలు. ఆ మాట ఆశగా వచ్చింది, ఎవరో తిన్న పాయసం గురించి అడిగినట్టు.

"ల్యా. పొద్దున ఈడ గంటసేపు పండుకున్న్యానే, మెడ పట్టుకునింది."

రత్నాలు హాలంతా చూసింది. అరవై వీపులు. ఆ వీపుల్లో ఎన్ని చోట్ల పొడుస్తోందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడేళ్ళు వెతుక్కుని, పడీ లేచీ, ఒక సుఖం దొరికించుకుంది. దాన్ని పట్టుకొచ్చి ఊరూరా నొప్పి కింద పంచిపెడుతోంది.

"లేవండి" అంది. ఎవరూ లేవలేదు, పాఠంలో భాగమేమో అనుకున్నారు. గొంతు పెంచింది. "అందరూ తిరగండి. మీకు ఏ పక్క నొప్పి లేకపోతే ఆ పక్కకి తిరిగి పడుకోండి. ఎవరి ఒళ్ళు వాళ్ళకి చెప్తుంది. నాకూ అదే చెప్పింది, ఇంకెవరూ చెప్పలేదు."

ఒక్కసారిగా హాల్లో అలలా చప్పుడు లేచింది. అరవై మంది తిరిగారు. కొందరు వెల్లకిలా, కొందరు ముడుచుకుని, ఒకాయన గోడకి కాళ్ళు ఆనించి. ఓబులేసు చేతులు తల కింద పెట్టుకున్నాడు. పది నిమిషాల్లో ఆ మండపంలో జయభారతి, రత్నాలు తప్ప మెలకువగా ఉన్నవాళ్ళు లేరు. శిక్షణ సాయంత్రం ఐదింటి దాకా నిరాటంకంగా జరిగింది.

వాళ్ళు ఊరికే పోయినా బాగుండేది. లేచాక అరవై మందీ అభిప్రాయ పత్రాలు నింపారు. శిక్షణ ఎలా ఉంది అనే చోట 'అద్భుతం' అని రాశారు. ఏం నేర్చుకున్నారు అనే చోట 'ఎట్ల నొప్పి లేకుంటే అట్ల పడుకోవలెను' అని రాశారు. ఇంతవరకూ ఏ శిక్షణకీ ఎవరూ 'అద్భుతం' అని రాయలేదు కాబట్టి, ఆ పత్రాలు రాజధానిలో ఎవరో మొట్టమొదటిసారి తెరిచి చదివారు.

మర్నాడు పొద్దున్న రత్నాలు బస్టాండులో సిమెంటు బల్ల మీద ఓ అంచున కూర్చుని తరవాతి ఊరి బస్సు కోసం చూస్తోంది. జయభారతి రొప్పుతూ వచ్చింది. చేతిలో కాగితం ఉంది. శాఖ చరిత్రలో ఇంత వేగంగా వచ్చిన ఉత్తర్వు ఇంకోటి లేదు.

"మేడం, మీరే చదువుకుంటారా?"

"కళ్ళజోడు సంచిలో అడుగున ఉంది. వంగి తియ్యలేను. మీరే చదవండి."

జయభారతి మెల్లగా చదివింది. "శ్రీమతి మజ్జి రత్నాలు, సూపరింటెండెంట్, శయనం, రత్నాలు భంగిమకు విరుద్ధముగా బోధించి, సదరు భంగిమ ప్రతిష్ఠకు భంగము కలిగించినందున, ఆమెను శిక్షణ బాధ్యతల నుండి తక్షణమే తొలగించడమైనది. సూపరింటెండెంట్ పదవి రద్దుపరచి, పూర్వపు సీనియర్ అసిస్టెంటు హోదాలో స్వస్థలమునకు పంపడమైనది. భంగిమకు ఇకపై సంచాలక భంగిమ అని నామకరణము చేయడమైనది. సదరు ఉద్యోగిని ఇకమీదట శయన విషయమై ఎవరితోనూ, ఎచ్చటనూ, ఎట్టి అభిప్రాయమునూ వెలిబుచ్చరాదు. ఆమె నిద్రించు విధముతో శాఖకు ఇకపై ఎట్టి సంబంధమూ లేదు."

చదవడం ఆపి జయభారతి తలెత్తింది. రత్నాలు మొహానికి పైట చెంగు అడ్డం పెట్టుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. భుజాలు ఒక్కసారి పైకి లేచి దిగాయి.

"ఏడవద్దు మేడం" అంది జయభారతి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటూ. "ఇరవై ఆరేండ్ల సర్వీసు. ఇంత అన్యాయమా? మీరు అప్పీలు చేసుకోండి. మేమంతా సంతకాలు పెడతాం."

రత్నాలు చెంగు తీసి కళ్ళు తుడుచుకుంది.

"ఏడుపు కాదమ్మా" అంది. "ఆవులింత. మా ఊరికి తిన్నగా బస్సుందేమో కనుక్కుంటారా?"